కెన్యా ట్రిప్పులో నకూరు పార్కును ఉంచుకోవాలా, తీసేయాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. సంక్రాంతి సెలవుల్లో విజయవాడ నుంచి మీరు, మీవారు, ఆరేళ్ళ బాబు, పదకొండేళ్ళ పాప, అరవై ఏడేళ్ళ మీ అత్తగారు కలిసి ఆరు రోజులు కెన్యా వస్తున్నారు. ఏజెంటు ఇచ్చిన ప్లానులో మసాయి మారా అభయారణ్యానికి వెళ్ళే ముందు నకూరు సరస్సు నేషనల్ పార్కుకి సగం రోజు కేటాయించాడు. అక్కడ ఫ్లెమింగోలు లేవని ఎవరో చెప్పారు కాబట్టి దాన్ని తీసేసి మారాలో ఒక రోజు పెంచుకోవచ్చా అని అడిగారు. పనిలో పనిగా పడవ షికారు, శాకాహారం, పెద్దావిడకు ఇబ్బంది ఉంటుందా అన్నవి కూడా.

నేను చాలా ఏళ్ళుగా నైరోబీలో ఉద్యోగం చేస్తున్నాను. మనవైపు నుంచి చుట్టాలో స్నేహితులో వస్తే ఎక్కువగా తీసుకెళ్ళేది నకూరుకే. అందుకని కాస్త వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

నకూరును తీసేయకండి. కానీ ఆ సగం రోజు ప్లాను మాత్రం ఒప్పుకోకండి. ఉంటే ఒక రాత్రి ఉండండి, లేదంటే నిజంగానే తీసేసి మారాలో గడపండి. మధ్యేమార్గం వద్దని ఎందుకంటున్నానంటే, సగం రోజు ప్లాను ఎలా నడుస్తుందో చూడండి. పొద్దున్నే నైరోబీలో బయల్దేరతారు. దూరం 160 కిలోమీటర్లే అయినా అది ఉగాండా వైపు సరుకు మోసే లారీలన్నీ వెళ్ళే రోడ్డు. మూడున్నర, నాలుగు గంటలు పడుతుంది. గేటు దగ్గర టికెట్ల తంతు ముగించుకుని లోపలికి వెళ్ళేసరికి పదిన్నర, పదకొండు. అప్పటికి ఎండ ఎక్కి సింహాలు పొదల్లోకి, చిరుతలు కొమ్మల్లోకి వెళ్ళిపోయి ఉంటాయి. మీరు రెండు మూడు గంటలు తిరిగి, జీబ్రాల్ని, అడవిదున్నల్ని చూసి, మారా చేరడానికి ఇంకో ఐదారు గంటల ప్రయాణం ఉందన్న కంగారులో బయటపడతారు. జంతువులు తిరిగే వేళల్లో మీరు రోడ్డు మీదుంటారు, అవి పడుకునే వేళకి పార్కులో ఉంటారు. ఇంత డబ్బు పోసి చేయాల్సిన పని కాదది.

ఇక ఫ్లెమింగోల సంగతి. మీకు చెప్పినవాళ్ళు పూర్తిగా తప్పు చెప్పలేదు. పాత క్యాలెండర్లలో, పోస్టర్లలో ఒడ్డంతా గులాబీ రంగు పరుచుకుని కనిపించే ఆ నకూరు ఇప్పుడు లేదు. కారణం వేట కాదు, జబ్బూ కాదు. నీళ్ళు పెరగడం. ఈ సరస్సులోకి నదులు వస్తాయి గానీ బయటికి పోయే దారి లేదు. నీరు ఆవిరై ఉప్పు, సోడా లాంటి లవణాలు మిగిలిపోయి సరస్సు బాగా క్షారంగా ఉండేది. మామూలు చేపలు బతకలేని ఆ నీళ్ళలో స్పిరులినా అనే సూక్ష్మమైన నాచు మాత్రం తెగ పెరిగేది. మన మందుల షాపుల్లో బలానికి మాత్రలుగా అమ్మేది కూడా ఆ జాతిదే. చిన్న ఫ్లెమింగోలనే రకానికి అదే తిండి. తల కిందులుగా నీళ్ళలో పెట్టి, ముక్కులోని సన్నటి జల్లెడతో ఆ నాచును వడపోసుకుని తింటాయి. వాటి గులాబీ రంగు కూడా ఆ తిండిలో నుంచి వచ్చిందే.

2010, 2011 నుంచి రిఫ్ట్ వ్యాలీ అనే పొడవాటి లోయలోని సరస్సులన్నీ పెరగడం మొదలుపెట్టాయి. నకూరు ఒక్కటే కాదు, నైవాషా, బొగోరియా, బరింగో అన్నీ. 2010 ప్రాంతంలో సుమారు 40 చదరపు కిలోమీటర్లున్న నకూరు సరస్సు పదేళ్ళలో 60 దాటింది. పాత మెయిన్ గేటు, ఆఫీసు భవనాలు, ఒడ్డు వెంట ఉండే రోడ్లు మునిగిపోయాయి. నీళ్ళు పెరిగితే క్షారం పలచబడుతుంది, నాచు తగ్గుతుంది. పైగా ఫ్లెమింగో నిలబడి తినే పక్షి, దానికి లోతు తక్కువ నీళ్ళు కావాలి. అందుకని ఎక్కువ భాగం బొగోరియాకో, మరో సోడా సరస్సుకో వెళ్ళిపోయాయి. ఒక్కటీ లేదని కాదు. కొన్ని నెలల్లో ఓ మూల గుంపుగా కనిపిస్తాయి, కొన్ని నెలల్లో దూరంగా ఒక గులాబీ గీత మాత్రమే ఉంటుంది. జనవరిలో మీరు వచ్చేసరికి ఎన్ని ఉంటాయో ఇప్పుడే ఎవరైనా గ్యారంటీ ఇస్తే నమ్మకండి.

నీళ్ళలో క్షారం తగ్గాక ఫ్లెమింగోల చోటుకు వేరేవి వచ్చాయి. గూడబాతులు చాలా ఉంటాయి, నీటికాకులు, కొంగలు, గద్దలు సరేసరి. మొత్తమ్మీద ఈ పార్కులో 400కు పైగా రకాల పక్షులు నమోదయ్యాయి. మీ పాపకు పక్షులంటే ఇష్టమని రాశారు కదా, వచ్చేముందు వీలైతే సూళ్ళూరుపేట వెళ్ళి పులికాట్ చూపించండి. అక్కడికి శీతాకాలంలో వచ్చేవి ఎక్కువగా పెద్ద ఫ్లెమింగోలు, ఇక్కడ పేరుపడినవి చిన్నవి. పెద్దదాని ముక్కు లేత గులాబీ, కొస నలుపు. చిన్నదాని ముక్కు దాదాపు మొత్తం ముదురు ఎరుపు. రెండూ చూసిన పిల్ల ఇక్కడ బైనాక్యులర్ పెట్టుకుని డ్రైవర్‌కే పాఠం చెప్తుంది.

కానీ నకూరుకు రావాల్సింది ఖడ్గమృగాల కోసం. మారాలో నల్ల ఖడ్గమృగం కనబడిందంటే ఆ రోజంతా చెప్పుకుంటారు, చాలామందికి కనబడదు. నకూరులో ఒక సాయంత్రం, ఒక పొద్దున ఉంటే తెల్ల ఖడ్గమృగం కనబడకపోవడమే అరుదు. దీని వెనక కథ ఉంది. కెన్యాలో 1970 ప్రాంతంలో నల్ల ఖడ్గమృగాలు సుమారు 20,000 ఉండేవి. కొమ్ముల కోసం చంపుకుంటూ పోతే 1980ల చివరికి 400 కూడా మిగల్లేదు. అప్పుడు ప్రభుత్వం వాటికి కంచె వేసిన చోటు కావాలని నకూరును ఎంచుకుంది. 1961లో పక్షుల రక్షిత ప్రాంతంగా మొదలై, 1968లో నేషనల్ పార్కు అయిన ఈ చోటు, 1987లో దేశంలో ప్రభుత్వం నడిపే మొదటి ఖడ్గమృగ సంరక్షణ కేంద్రం అయింది. చుట్టూ కరెంటు కంచె, లోపల సాయుధ రేంజర్లు. సోలియో అనే ప్రైవేటు రాంచ్ నుంచి నల్లవాటిని తెచ్చారు, తర్వాత దక్షిణాఫ్రికా నుంచి తెల్లవి వచ్చాయి. అంటే పక్షుల కోసం పెట్టిన పార్కు ఇప్పుడు ఖడ్గమృగాల మీద నడుస్తోంది.

పేర్లు చూసి రంగు వెతక్కండి, రెండూ బురద రంగులోనే ఉంటాయి. పెదవి చూడాలి. తెల్లదానిది వెడల్పైన చదును మూతి, తల దించుకుని గడ్డి మేస్తుంది, కాబట్టి ఒడ్డున మైదానంలో బయటే కనిపిస్తుంది. నల్లదానిది కొస తేలిన పై పెదవి, దాంతో కొమ్మల్ని పట్టి లాక్కుని ఆకులు తింటుంది, అందుకే పొదలు వదలదు. పిల్లతో ఉంటే ఇంకా తేలిక. తెల్లదాని పిల్ల ఎక్కువగా తల్లి ముందు నడుస్తుంది, నల్లదాని పిల్ల వెనక. మన కాజీరంగా ఖడ్గమృగానికి ఒకటే కొమ్ము, ఈ రెండింటికీ రెండేసి.

ఇక్కడ ఒక్క మాట గట్టిగా చెప్తాను. ఖడ్గమృగం కనబడగానే ఫోటో తీసి "నెక్స్ట్ ఏంటి" అనకండి. బండి ఆపమనండి, ఇంజను కూడా ఆపమనండి. దానికి చూపు అంతంతమాత్రం, వాసన, వినికిడి మాత్రం బాగా ఎక్కువ. ఇంజను మోత ఆగిన కాసేపటికి మేత మళ్ళీ మొదలుపెడుతుంది. అప్పుడు గడ్డి తెగే చప్పుడు మీకు బండిలోకి వినిపిస్తుంది. చెవులు రెండూ దేనికది వేరే వేరే వైపు తిరుగుతుంటాయి. పక్కల మీద ఎండిన బురద బీటలు వారి, అడుగు వేసినప్పుడల్లా కొంచెం రాలుతుంది. వీపు మీద ఎర్రముక్కు పిట్ట ఒకటి పురుగులు ఏరుకుంటూ చెవి లోపలికి కూడా తల పెడుతుంది, అది విసుక్కోదు. పిల్ల ఉంటే కాస్త దూరం పరిగెత్తి, తల్లి రాలేదని చూసుకుని వెనక్కి వస్తుంది. మీ బాబు వయసు పిల్లలు పది నిమిషాలు కదలకుండా కూర్చున్నది నేను అక్కడే చూశాను. డ్రైవర్లు మాట్లాడుకునే రేడియోలో ఎవరో "సింబా" అనగానే డ్రైవర్లు బండి ఎగరేసుకుపోతారు. ఇక్కడి స్వాహిలీ భాషలో సింబా అంటే సింహం. చుయి అంటే చిరుత, ఫారు అంటే ఖడ్గమృగం, ట్విగా అంటే జిరాఫీ. ఆ మాటలు తెలిసుంటే వాళ్ళేం మాట్లాడుకుంటున్నారో మీకూ తెలుస్తుంది, "ఇక్కడే ఉందాం" అని చెప్పొచ్చు.

మరోటి, ఏనుగులు నకూరులో లేవు. ఇది చాలామందికి ముందు చెప్పరు, పిల్లలు అక్కడికొచ్చాక డీలా పడతారు. మొత్తం పార్కు 188 చదరపు కిలోమీటర్లు, అందులో మూడో వంతు దాకా నీళ్ళే. ఏనుగుల్ని మారాలో చూడండి, అక్కడ గుంపులుంటాయి. నకూరులో సింహం, చిరుత, అడవిదున్న, రెండు రకాల ఖడ్గమృగాలు, ఇవీ ముఖ్యంగా చూడాల్సిన పెద్ద జంతువులు. సింహాలు అప్పుడప్పుడూ చెట్లెక్కి పడుకుంటాయి. చిరుత కోసం సరస్సు పక్కన పసుపు బెరడు తుమ్మల్ని గమనించాలి. బెరడంతా పసుపు పచ్చగా ఉండే పొడవాటి చెట్లవి. అడ్డకొమ్మ మీద నుంచి తోక ఒక్కటే కిందికి వేలాడుతూ ఉంటుంది, ఒళ్ళు ఆకుల్లో కలిసిపోతుంది. నీళ్ళు పెరిగినప్పుడు మునిగి చనిపోయిన ఇవే చెట్లు ఇప్పుడు సరస్సులో మోడులై నిలబడి ఉన్నాయి, వాటి మీదే నీటికాకులు రెక్కలు ఆరబెట్టుకుంటాయి.

జిరాఫీల్ని కూడా తేలిగ్గా తీసుకోకండి. ఇక్కడున్నది రోత్‌షీల్డ్ జిరాఫీ, మారాలో ఉండేది వేరే రకం. మోకాళ్ళ కింద మచ్చలుండవు, తెల్ల మేజోళ్ళు తొడుక్కున్నట్టు ఉంటుంది. పశ్చిమ కెన్యాలో పొలాలు పెరిగి వీటికి చోటు లేకపోతే 1977లో కొన్నింటిని ఇక్కడికి తరలించారు. పిల్లలకు ఈ తేడా ముందే చెప్పి ఉంచండి, మారాకు వెళ్ళాక కాళ్ళు చూసి పోల్చుకుంటారు.

ఒక రాత్రి ఉంటే రోజు ఎలా గడుస్తుందో చెప్తాను. నైరోబీ నుంచి పొద్దున బయల్దేరి మధ్యాహ్నానికి లాడ్జి చేరతారు. దారిలో రిఫ్ట్ వ్యాలీ అంచున వ్యూపాయింట్ దగ్గర ఆపుతారు, లోయ అంతా కిందికి పరుచుకుని కనిపిస్తుంది. అక్కడి దుకాణాల్లో చెప్పిన రేటులో సగానికి బేరం మొదలుపెట్టండి. గిల్‌గిల్ ఊరు దాటాక హైవే నుంచే ఎలిమెంటైటా సరస్సు కనిపిస్తుంది, తెల్ల గూడబాతులు గుడ్లు పెట్టే చోటు అది. లాడ్జిలో భోంచేసి పెద్దావిడను, బాబును కాసేపు పడుకోనివ్వండి. మూడున్నరకు బయటపడితే ఆరు దాకా తిరగొచ్చు. పార్కులో వేళలు పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఆరు, చీకటి పడ్డాక తిరగనివ్వరు. మర్నాడు తెల్లవారగానే, టిఫిన్‌కు ముందే మళ్ళీ వెళ్ళాలి. ఆ రెండు గంటలే అసలైనవి. సింహాలు ఇంకా రోడ్డు మీదే ఉంటాయి, ఖడ్గమృగాలు రాత్రి మేసిన మైదానం వదలవు. టిఫిన్‌కు తొమ్మిదింటికి వస్తే సరిపోతుంది.

బండి దిగనిచ్చే చోట్లు తక్కువ. బబూన్ క్లిఫ్ అనే కొండ అంచు ఒకటి. సరస్సు, చుట్టూ అడవి, అవతల నకూరు నగరం మొత్తం ఒకే చూపులో కనిపిస్తాయి. నగరం పార్కు కంచెకు ఆనుకునే ఉంది, 2021 డిసెంబరులో దానికి నగర హోదా కూడా వచ్చింది. ఇంత పెద్ద ఊరి పక్కన సింహాలు తిరగడమేంటని మొదటిసారి చూసినవాళ్ళు ఆశ్చర్యపోతారు. క్లిఫ్ మీద రాళ్ళ మధ్య కుందేలంత జంతువు ఎండ కాచుకుంటూ కనిపిస్తుంది, దాన్ని రాక్ హైరాక్స్ అంటారు. ఎలకలాగా అనిపించినా దాని దగ్గరి బంధువు ఏనుగు. ఇక ఆ కొండకు పేరిచ్చిన బబూన్ కోతులు తిండి కోసం చేసే ఆగడం అంతా ఇంతా కాదు. తిరుమల మెట్ల దారి కోతుల్ని చూసి వీటిని అంచనా వేయకండి. మగ బబూన్ కోరలు చిరుతకు తీసిపోవు. మా బంధువుల అమ్మాయి చేతిలో చిప్స్ ప్యాకెట్ ఉంటే వెనకనుంచి వచ్చి, అరవడానికి కూడా టైమివ్వకుండా లాక్కుని, ఎదురుగానే కూర్చుని చింపుకుని తినేసింది. తిండి ఏదీ బండి బయటికి తీయొద్దు. దిగేటప్పుడు కిటికీ అద్దాలు, పైకప్పు మూశారో లేదో చూసుకోండి.

దక్షిణం కొసన మకాలియా జలపాతం ఉంది. వానల తర్వాత బాగుంటుంది, జనవరికి నీళ్ళు సన్నబడొచ్చు. పిల్లలు కాళ్ళు చాపుకోవడానికి ఆ దారి సరదాగా ఉంటుంది, అంతే. తూర్పు వైపు గుట్టల మీద చెట్టంత ఎత్తు పెరిగిన జెముడు అడవి మాత్రం నాకు దానికన్నా ఎక్కువ ఇష్టం. మన ఊళ్ళలో కంచెకు వేసే జెముడు చెట్టై అడవి కడితే ఎలా ఉంటుందో చూడొచ్చు.

భద్రత గురించి టెన్షన్ పడకండి. బండిలో ఉన్నంతసేపు ఇబ్బంది లేదు. పైకప్పు లేచే వ్యాన్లలో పిల్లలు సీట్ల మీద నిలబడతారు, బండి కదిలేటప్పుడు మాత్రం కూర్చోవాల్సిందే, తల తగులుతుంది. ప్రమాదమంటూ ఉంటే లాడ్జి దగ్గర రాత్రిపూటే. భోజనాల హాలు నుంచి గదికి వెళ్ళేటప్పుడు టార్చితో కాపలాదారు వస్తాడు, ఇక్కడ అస్కారీ అంటారు. అతను లేకుండా కదలొద్దు. అడవిదున్న గడ్డి మేస్తూ లాన్ దాకా వస్తుంది, అది ఒంటరి ముసలి మగదైతే సింహం కన్నా చిరాకు మనిషి.

మీ అత్తగారికి నడక అవసరమే లేదు, కానీ కుదుపులు ఉంటాయి. ఆవిడకి వ్యాన్‌లో మధ్య వరస సీటు ఇవ్వండి, చివరి వరస ఇరుసు మీద ఉంటుంది, నడుం విరిగిపోతుంది. ఒక చిన్న దిండు పెట్టుకోండి. టాయిలెట్లు గేటు దగ్గర, కొన్ని పిక్నిక్ చోట్లలో ఉన్నాయి. మధ్యలో చెట్టు చాటుకు దిగే ప్రసక్తే లేదు, బయల్దేరేముందు అందర్నీ వెళ్ళి రమ్మనండి. నకూరుకు మామూలు వ్యాన్ సరిపోతుంది. మారా కూడా ఉంది కాబట్టి బడ్జెట్ అనుమతిస్తే మొత్తానికి ల్యాండ్ క్రూజర్ తీసుకోండి, ఐదుగురికి సుఖంగా ఉంటుంది.

పడవ కావాలన్నారు. దానికి నకూరు కాదు, నైవాషా. నైరోబీ, నకూరుల మధ్యే ఉన్న మంచినీటి సరస్సు. గంటసేపు పడవలో తిప్పుతారు. హిప్పోలు చెవులు, కళ్ళు మాత్రం బయటపెట్టి గుంపుగా ఉంటాయి, పడవవాళ్ళు తగినంత దూరంలోనే ఆపుతారు. "ఇంకొంచెం దగ్గరికి" అని మీరు అడగొద్దు, హిప్పో తలచుకుంటే పడవను తిరగేస్తుంది. లైఫ్ జాకెట్ లేకుండా ఎవర్నీ ఎక్కించకండి, పిల్లల సైజు ఉందో లేదో ఎక్కకముందే అడగండి. చేప గద్ద నీళ్ళ మీదికి దూకి చేపను ఎత్తుకుపోవడం మీ పాపకు తప్పక చూపించాలి. పొద్దున గాలి తక్కువగా ఉంటుంది, మధ్యాహ్నం తర్వాత అలలు లేస్తాయి.

అక్కడే క్రెసెంట్ ఐలాండ్ ఉంది. సింహాలు లేని చోటు కాబట్టి జిరాఫీలు, జీబ్రాలు, జింకల మధ్య గైడుతో నడిచి తిరగొచ్చు. రోజుల తరబడి బండిలో కూర్చున్న పిల్లలకు ఇది వరం. పక్కనే హెల్స్ గేట్ నేషనల్ పార్కులో సైకిల్ తొక్కొచ్చు, మీవారు, పాప వెళ్ళొచ్చు. అక్కడి ఇరుకు లోయలోకి మాత్రం వాన సూచన ఏమాత్రం ఉన్నా దిగొద్దు. 2019 సెప్టెంబరులో ఎగువన కురిసిన వానకు ఒక్కసారిగా వరద వచ్చి పర్యాటకులు కొట్టుకుపోయి చనిపోయారు.

ఫ్లెమింగోలే ముఖ్యం అనుకుంటే నకూరు నుంచి ఉత్తరంగా బొగోరియా సరస్సు ఉంది, నేల నుంచి వేడినీళ్ళు ఎగజిమ్మే చోటు. వెళ్ళి రావడానికి ఒక రోజు పోతుంది. మీకున్న ఆరు రోజుల్లో నేనైతే పెట్టను.

నన్ను అడిగితే ప్లాను ఇలా ఉండాలి. మొదటి రోజు నైరోబీలో దిగి విశ్రాంతి. రెండో రోజు నకూరు, సాయంత్రం సఫారీ, అక్కడే రాత్రి. మూడో రోజు తెల్లవారుజామున మళ్ళీ సఫారీ, మధ్యాహ్నానికి నైవాషా. నాలుగో రోజు పొద్దున్నే పడవ ఎక్కి, తర్వాత మారాకు. ఐదో రోజు పూర్తిగా మారాలో. ఆరో రోజు తిరిగి నైరోబీ, రాత్రి విమానం. మారాకు ఇంకా టైము కావాలంటే నైవాషా రాత్రిని తీసేయండి, నకూరు రాత్రిని కాదు.

జనవరి మంచి నెల. మార్చి నుంచి మే దాకా పెద్ద వానలు, అంటే మన వేసవి సెలవులకు వచ్చేవాళ్ళు బురదలో పడతారు. మీరు సంక్రాంతికి వస్తున్నారు కాబట్టి గడ్డి పొట్టిగా, రోడ్లు పొడిగా ఉంటాయి. ఒకటి గుర్తుంచుకోండి, మారాలో విల్డబీస్టులనే జింక జాతి జంతువులు లక్షల్లో నది దాటే దృశ్యం జులై నుంచి అక్టోబరు దాకానే, జనవరిలో అవి టాంజానియా వైపు ఉంటాయి. ఏజెంటు దాని ఫోటో చూపించి అమ్మితే నిలదీయండి. ఆఫ్రికా అనగానే ఎండలనుకుంటాం గానీ నకూరు 1,750 మీటర్ల ఎత్తున ఉంది. తెల్లవారుజామున పైకప్పు తెరిచి వెళ్తుంటే చలికి పళ్ళు కొట్టుకుంటాయి. అందరికీ స్వెట్టర్లు, పెద్దావిడకు మఫ్లర్, శాలువా పెట్టండి.

శాకాహారానికి భయం లేదు. నైరోబీ, నకూరుల్లో తరతరాలుగా గుజరాతీలున్నారు, లాడ్జి వంటవాళ్ళకు మన పప్పు, కూర, చపాతీ అలవాటే. చపాతీ అసలు ఇక్కడి జనం రోజూ తినేదే. గుడ్డు కూడా తినరంటే అది బుకింగ్‌లోనే రాయించండి. ఆవిడకు రోజూ పెరుగన్నం కావాలంటే అన్నం, పెరుగు రెండూ దొరుకుతాయి, ఆవకాయ మీరు తెచ్చుకోండి.

పార్కు టికెట్లు గేటు దగ్గర నగదుకు ఇవ్వరు, ఈసిటిజన్ అనే ప్రభుత్వ సైటులో కట్టాలి. ఫీజులు ఈమధ్య మారుతున్నాయి, కాబట్టి ప్యాకేజీలో "పార్కు ఫీజులతో కలిపి" అని రాతపూర్వకంగా తీసుకోండి. పిల్లల రేటు వేరు, అది తగ్గించాడో లేదో చూడండి. కెన్యాలో 2017 నుంచి ప్లాస్టిక్ సంచులు నిషేధం, 2020 జూన్ నుంచి పార్కుల్లోకి వాడి పారేసే నీళ్ళ సీసాలు కూడా తీసుకెళ్ళకూడదు. స్టీలు సీసాలు తెచ్చుకోండి. పచ్చళ్ళు, పొడులు పాలిథిన్ కవర్లలో కాకుండా డబ్బాల్లో సర్దండి.

చివరగా పేపర్లు, వీటిని మాత్రం వాయిదా వేయకండి. 2024 జనవరి నుంచి వీసా లేదు, దాని బదులు ఆన్‌లైన్‌లో ఈటీఏ అనే ముందస్తు ప్రయాణ అనుమతి తీసుకోవాలి, పిల్లలతో సహా అందరికీ వేరువేరుగా. ఎల్లో ఫీవర్ టీకా అంతకన్నా ముఖ్యం. కెన్యా నుంచి తిరిగొచ్చేవాళ్ళను మన విమానాశ్రయాల్లో ఆ సర్టిఫికెట్ అడుగుతారు, లేకపోతే క్వారంటైన్‌కు పంపే అధికారం వాళ్ళకుంది. టీకా వేశాక పది రోజులకు గానీ సర్టిఫికెట్ చెల్లదు, ఆ తర్వాత జీవితాంతం పనికొస్తుంది. వేసేది గుర్తింపు ఉన్న కేంద్రాల్లోనే, హైదరాబాద్‌లో నారాయణగూడ ఐపీఎంలో (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్) వేస్తారు. మీ అత్తగారి విషయంలో ఒక మెలిక ఉంది. అరవై దాటినవాళ్ళకు ఈ టీకా మొదటిసారి వేసేటప్పుడు దుష్ప్రభావాల రిస్కు కాస్త ఎక్కువ కాబట్టి డాక్టర్లు ఆలోచించి వేస్తారు. ఆవిడ వాడే మందుల చీటీలన్నీ తీసుకుని ముందు మీ డాక్టర్‌కు చూపించండి. వద్దంటే మినహాయింపు పత్రం ఇస్తారు, కానీ తిరుగు ప్రయాణంలో దాన్ని ఎలా పరిగణిస్తారో ఆ కేంద్రంలోనే అడిగి తెలుసుకోండి. ఇది తేలాకే ఆవిడ టికెట్టు కొనండి. మలేరియా మందుల గురించి కూడా అదే రోజు అడగండి, ముఖ్యంగా మారా కోసం.

ఏజెంటు కొత్త ప్లాను పంపాక లాడ్జీల పేర్లతో సహా ఇక్కడ పెట్టండి. దూరాలు, టైములు సరిపోతాయో లేదో చూసి చెప్తాను. లాడ్జి "నకూరు" అని మాత్రమే రాసి ఉంటే అది పార్కు లోపలా, ఊళ్ళోనా అని ముందే అడగండి, రేట్లలో చాలా తేడా ఉంటుంది.